పన్నెండో వరస

పోయినవారం సంచికలో నన్ను నేను బురద మేడమ్ ఎదుట, చేతిలో పెన్సిల్‌తో కూర్చోబెట్టి వదిలేశాను. ఇంకా అక్కడే ఉన్నాను. ఆ సంచిక చేతికి అందనివాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు కదులుతాను.

నేనొక పెద్ద పరిశోధన సంస్థలో కంప్యూటర్ ప్రోగ్రాములు రాస్తాను. రెండో అంతస్తులో, లైబ్రరీకీ మెట్లకీ మధ్య ఇరుక్కున్న గది నాది. ముప్ఫై నాలుగేళ్లొచ్చి, ఒక కూతురు స్కూలుకి వెళ్తున్నా అక్కడ అందరికీ నేను 'లెక్కలమ్మాయి'నే. ఎవరి పరిశోధన లోకానికి ఎంత పనికొచ్చిందో ఒక్క అంకెలో తేల్చే ప్రోగ్రాం రాయమని రెండేళ్ల క్రితం డైరెక్టర్‌గారు నాకు అప్పజెప్పారు. పద్ధతి చాలా తేలిక. ఒక మనిషి అచ్చువేసిన పేపర్లన్నీ తీసుకోవాలి. ఒక్కో పేపర్ని ఇతరులు తమ పేపర్లలో ఎన్నిసార్లు ప్రస్తావించారో దాని పక్కన రాయాలి. పెద్ద అంకె పైన, చిన్న అంకె కింద వచ్చేలా పేర్చాలి. ఇక పైనుంచి ఒకటి, రెండు, మూడు అని వరసలు లెక్కపెట్టుకుంటూ దిగడమే. వరస అంకె కన్నా పక్కనున్న ప్రస్తావనల అంకె చిన్నదైపోయిన చోట ఆగాలి. దానికి ముందు వరస ఎంతో, ఆ మనిషి స్కోరు అంత. తలా పదిసార్లైనా ప్రస్తావించిన పేపర్లు పది ఉంటే, స్కోరు పది.

పన్నెండు రానివాళ్ల కాంట్రాక్టు పొడిగించరు. ఈ ఏడాది పదకొండు మంది రాలిపోయారు. వాళ్లలో బురద మేడమ్ ఒకరు. ఏటి అడుగున బురదలో ఏముందో ఇరవై ఏడేళ్లుగా చూస్తున్న మనిషి. ఆవిడకి ఆరొచ్చింది. జాబితా మీద కమిటీ సంతకాలు ఇవాళ మధ్యాహ్నం మూడింటికి. రేపు పొద్దున్న ఆవిడ చల్లగది ఖాళీ చేయించి, సీసాల్లో ఉన్న బురదంతా పారబోస్తారు. స్కోరు ఎలా కడతామో ఎవరికీ చెప్పకూడదని డైరెక్టర్‌గారి ఆజ్ఞ. నేను నిన్న సాయంత్రం ఆవిడకి చెప్పేశాను. ఇవాళ ఆవిడ తన పేపర్ల జాబితా తెచ్చి నా ముందు పెట్టి, "మిషన్ సంగతి వదిలెయ్యమ్మా. ఒక్కసారి నువ్వు లెక్కపెట్టి చూడు" అన్నారు.

"ఒకటి" అన్నాను. పక్కన నూట పద్దెనిమిది ఉంది. రెండో వరసలో అరవై నాలుగు. మూడు, నలభై ఒకటి. నేను తొందరగానే చదువుతున్నాను, ఎందుకంటే ఆరు దగ్గర ఆగిపోతుందని నాకు తెలుసు. ఆగిపోయాక ఆవిడ ముఖం చూడకుండా ఎలా తప్పించుకోవాలా అన్నదే నా బాధ.

ఆరో వరసలో ఇరవై ఏడు. ఏడో వరసలో ఇరవై ఐదు ఉంది.

పెన్సిల్ అక్కడే ఆపి మళ్లీ చూశాను. ఇరవై ఐదే. ఆగాల్సిన చోట లెక్క ఆగలేదు. ఎనిమిది, ఇరవై రెండు. పది దాటాను. పన్నెండో వరసలో పదిహేడు ఉంది. పదిహేనో వరసలో సరిగ్గా పదిహేను. పదహారో వరసలో తొమ్మిది. అక్కడ ఆగాను.

"పదిహేను" అన్నారు మేడమ్. "నాకూ అంతే వచ్చింది. మూడుసార్లు లెక్కపెట్టాను. నాకు కూడికలు కూడా మర్చిపోయే వయసొచ్చిందేమో అనుకున్నా."

ఆవిడ నీళ్ల సీసా మూత తీసి నా ముందుకు జరిపారు.

నిజం చెప్పేస్తాను, సిగ్గుచేటైనా. నాకు ముందుగా వచ్చిన ఆలోచన ఏమిటంటే, ఈవిడ అంకెలు పెంచి రాసుకొచ్చి ఉండాలి. అలా అయితే నేను బతికిపోతాను. కంప్యూటర్ తెరిచి ఒక్కో పేపర్‌నీ మా డేటాతో సరిచూశాను. ఇరవై మూడు పేపర్లు. ఒక్కదాంట్లో కూడా పెంచి రాసింది లేదు. పైపెచ్చు ఒకదాని పక్కన ఆవిడ ఒకటి తక్కువే రాసుకున్నారు, పాత లెక్క చూసి.

ఇక మిగిలింది నా ప్రోగ్రామే. ఆవిడ పేపర్లని అది ఏ వరసలో పేర్చిందో చూపించమని అడిగాను. తెర మీద బారుగా వచ్చాయి. తొమ్మిది, ఎనిమిది, ఏడు, అరవై నాలుగు, ఐదు, నలభై ఒకటి, నాలుగు.

మేడమ్ కళ్లద్దాలు సర్దుకుని తెర మీదకి వంగారు.

"ఇదేంటమ్మా? ఏడు తర్వాత అరవై నాలుగేంటి?"

చూడగానే అర్థమైపోయింది. అది అంకెల్ని అంకెలనుకోలేదు, మాటలనుకుంది. నిఘంటువులో మాటలు పేర్చేటప్పుడు మొదటి అక్షరం చూస్తాం చూడండి, అలా ముందు మొదటి అంకె చూసింది. తొమ్మిదిలో మొదటిది తొమ్మిది, అరవై నాలుగులో మొదటిది ఆరు, కాబట్టి తొమ్మిదే పెద్దది అనుకుంది. ఆవిడ పేపర్లన్నిట్లోకీ గొప్పది, నూట పద్దెనిమిదిసార్లు ప్రస్తావించినది, ఒకటితో మొదలవుతుంది కదా, అందుకని దాన్ని అట్టడుగుకి తోసేసింది. ఏడో వరసలో నాలుగు కనబడగానే వరస కన్నా అంకె చిన్నదైపోయిందని ఆగిపోయి, ఆరు అని చెప్పింది. 'ఇవి అంకెలు' అని దానికి చెప్పాలి. ఒక్క చిన్న మాట. అది నేను రాయలేదు.

"మరి ముందే పరీక్షించి చూసుకోరా?" అని మీరడుగుతారు. మేడమ్ కూడా అడిగారు. పరీక్షించాను. డైరెక్టర్‌గారి జాబితా పెట్టి పరీక్షించాను. ఆయన గర్వంగా ఇచ్చిన ముప్ఫై పేపర్ల పక్కనా ఇరవైకీ తొంభైకీ మధ్య అంకెలే ఉన్నాయి. అన్నీ రెండంకెలవే అయితే నిఘంటువు పద్ధతిలో పేర్చినా సరిగ్గానే వస్తాయి. ఆయన స్కోరు ఆయన అనుకున్నంతే వచ్చింది, ఆయన మురిసిపోయారు, ఆయన మురిసిపోవడం చూసి నేను మురిసిపోయాను. ఇంకొకరి జాబితా పెట్టి చూడాలని నా మట్టిబుర్రకి తట్టలేదు.

ఇదంతా చెప్పేసరికి ఒంటిగంట దాటింది. మేడమ్ కేకలేస్తారనుకున్నాను. వేసినా బాగుండేది. ఆవిడ కాసేపు తన చేతుల్ని చూసుకుంటూ కూర్చున్నారు. గోళ్ల సందుల్లో ఎప్పుడూ ఉండే నల్లటి గీతలు ఇవాళ లేవు. శుభ్రంగా తోమేసుకున్నారు.

"మూడు వారాలైంది ఉత్తరం వచ్చి" అన్నారు. "మొదటివారం కోపమొచ్చింది. రెండోవారం ఏడుపొచ్చింది. మూడోవారం నమ్మేశానమ్మా. అదీ సంగతి. మా ఆయనతో కూడా చెప్పాను, 'ఇరవై ఏడేళ్లు ఉత్తినే చేతులు పాడుచేసుకున్నాను, ఇక చాలు' అని. మొన్న నా చేతులతో నేనే రెండు అరలు ఖాళీ చేసి, సీసాలు కడిగి బోర్లించాను."

"మేడమ్..."

"ఆ రెండు అరల్లో మొదటి ఆరేళ్ల బురద ఉంది. అప్పటి ఏరు ఇప్పుడు లేదు. ఎక్కడికెళ్లి తేను?"

నేను ఏడ్చేశాను. ఆవిడ ఓదార్చలేదు. ఓదార్చనందుకు ఆవిడంటే నాకు గౌరవం పెరిగింది.

"మిగతా పదిమంది?" అని మాత్రం అడిగారు.

ఆ ఒక్క మాటా చేర్చి ప్రోగ్రాం మళ్లీ నడిపించాను. పదకొండు మందిలో ముగ్గురికే పన్నెండు కన్నా తక్కువ వచ్చింది. ఎనిమిది మంది అన్యాయంగా పోతున్నారు. తెర మీద ఆ ఎనిమిది పేర్లూ ఒక్కొక్కటే చదివాను. వాళ్లలో ఒకాయన పొద్దున్నే మెట్ల దగ్గర కనబడి, "ఏమ్మా, పాప పరీక్షలు ఎలా రాసింది?" అని అడిగి వెళ్లారు.

"డైరెక్టర్ దగ్గరికి నువ్వెళ్తావా, నన్ను వెళ్లమంటావా?" అన్నారు మేడమ్.

"నేనే వెళ్తాను" అన్నాను. అంత ధైర్యం ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు. కారిడార్ సగం నడిచేసరికి అది వచ్చిన దారినే వెళ్లిపోయింది. ఈ నెలాఖరుకి నా కాంట్రాక్టు కూడా అయిపోతుంది. దాని మీద సంతకం పెట్టాల్సింది కూడా ఆయనే.

డైరెక్టర్‌గారి గది ఎప్పుడూ అద్దంలా ఉంటుంది. బల్ల మీద మూడు పెన్నులు, ఒక గ్లాసు, మూసిన ఫైలు, అంతే. ఆయన నన్ను చూసి నవ్వారు.

"రా అమ్మాయ్. జాబితా ప్రింటు తెచ్చావా?"

"జాబితా తప్పు సార్."

"ఏ జాబితా?"

"మూడింటికి సంతకం పెట్టేది. ఎనిమిది మంది పేర్లు అందులో ఉండకూడదు. నా ప్రోగ్రాంలో పొరపాటుంది సార్. నాదే తప్పు."

నిలబడే అంతా చెప్పాను. చెప్పడం అయ్యాక ఆయన లేచి, బంట్రోతుని పిలవకుండా, తనే వెళ్లి తలుపు వేసి వచ్చారు.

"ఎవరెవరికి తెలుసు?"

"నాకు. బురద మేడమ్‌కి."

"హు" అన్నారు. గ్లాసులో నీళ్లు పోసుకోబోయారు. సగం బల్ల మీద పడ్డాయి. ఆ బల్ల తడవడం నేనెప్పుడూ చూడలేదు. అప్పటిదాకా నాకు ఆయనంటే భయం. ఆయన కూడా భయపడుతున్నాడని తెలిశాక ఆ భయం రెండింతలైంది.

"పోయిన ఏడాది కూడా ఇదే ప్రోగ్రామేనా?" అని మెల్లగా అడిగారు.

అంతవరకు నాకా సంగతే గుర్తు రాలేదు. పోయిన ఏడాది ఒక్క విభాగంలోనే ఇది వాడి చూశాం, ఎలా పనిచేస్తుందో చూద్దామని. ఆ విభాగంలో పోయింది ఒక్కరే.

"అవును సార్" అన్నాను.

ఆయన సొరుగు తెరిచి పల్చటి ఫైలొకటి తీసి, నా వైపు తిప్పి పెట్టారు. చేత్తో రాసిన అర్జీ. అక్షరాలు గుండ్రంగా, కొట్టివేతలు లేకుండా ఉన్నాయి. కిందటేడు పోయిన ఆ ఒక్క మనిషిదే. సీతాకోకచిలకల మీద పనిచేసేవాడాయన. వెనక భవనంలో కూర్చునేవాడట, నేనెప్పుడూ ముఖాముఖి చూడలేదు. 'నా స్కోరు ఐదు అని తెలియజేశారు. దయచేసి ఇంకొకసారి లెక్కించవలసిందిగా కోరుతున్నాను' అని రెండే వాక్యాలు.

దాని కింద వేరే చేతిరాతతో ఒక వాక్యం ఉంది. 'మళ్లీ లెక్కించి చూశాను. ఐదే వచ్చింది.' ఆ చేతిరాత నాది. కింద సంతకం నాది.

అప్పుడు జరిగింది నాకు పూసగుచ్చినట్టు గుర్తొచ్చింది. ఈ కాగితం నా బల్ల మీదకి వచ్చింది. నేను అదే ప్రోగ్రాంలో అదే పేరు కొట్టి, అదే బటన్ నొక్కాను. నాలుగు సెకన్లు పట్టింది. ఐదే వచ్చింది. ఆ వాక్యం రాసి, సంతకం గిలికి, టీ తాగడానికి వెళ్లిపోయాను. తప్పు చేసినదాన్నే 'నువ్వు తప్పు చేశావా?' అని అడిగి, అది లేదంటే సరేనని వచ్చేశాను.

"నీ సంతకం చూసి నేను సంతకం పెట్టాను" అన్నారు డైరెక్టర్‌గారు. "నాది చూసి పైవాళ్లు పెట్టారు. ఇప్పుడు ఒక్క పోగు లాగితే ఎవరిదాకా ఊడొస్తుందో ఆలోచించు. నాకింకా రెండేళ్ల సర్వీసుంది."

"మరి ఇవాళ ఎనిమిది మంది సార్?"

"సంతకాలు అవనీ. ఓ నెల ఆగి, ఏదో ఒక సాకు చెప్పి ఒక్కొక్కళ్లనీ వెనక్కి తెద్దాం. నేనేం రాక్షసుణ్ణి కాదుగా."

"రేపు పొద్దున్నే మేడమ్ చల్లగది ఖాళీ చేస్తారు సార్."

"బురదే కదమ్మా. మళ్లీ తెచ్చుకుంటుంది."

నాకు ఒళ్లు మండిపోయింది. నోరు తెరిచేలోపు ఆయన తెరిచి ఉన్న సొరుగులోంచి ఇంకో కాగితం అంచు వేలితో పైకి లాగి చూపించారు. నా కాంట్రాక్టు. ఏమీ అనలేదు, ఊరికే చూపించి మళ్లీ లోపలికి తోసేశారు. తెరిచిన నోరు మూసుకున్నాను. ఇంట్లో ఐదుగురం. అత్తయ్య, మామయ్య మంచం దిగలేరు.

"సీతాకోకల ఆయనకి అసలు స్కోరెంతో చూశావా?"

"లేదు సార్. వెళ్లిపోయినవాళ్ల పేర్లు మన డేటాలోంచి తీసేస్తాం."

"చూడకు" అన్నారు. తర్వాత గోడ గడియారం వైపు చూసి, గొంతు తగ్గించారు. "ఆయన కింద విజిటర్ల గదిలో కూర్చుని ఉన్నాడు. మళ్లీ లెక్కించినా ఐదేనని చెప్పాం, అయినా అర్జీ మూసెయ్యనివ్వకుండా ప్రతి నెలా ఒకటో తారీఖున వచ్చి కూర్చుంటాడు. సూపరింటెండెంట్ మాట్లాడి పంపించేవాడు, ఇవాళ అతను సెలవు. నువ్వెళ్లి 'మీ అర్జీ పరిశీలనలో ఉంది' అని చెప్పి పంపించెయ్. పైకి మాత్రం రానివ్వకు. కమిటీవాళ్లు వచ్చే వేళైంది."

మెట్ల మలుపులో నిలబడి మా ఆయనకి ఫోన్ చేశాను. ఆయన దర్జీ. వెనక కుట్టుమిషన్ చప్పుడు వినిపించింది, నా గొంతు వినగానే ఆగిపోయింది.

"ఏమైంది? పాపకి బాగానే ఉందా?"

"పాప బానే ఉంది. నేనే... కొలతలు తప్పు తీశానండీ. చాలామందివి."

"గుడ్డ కత్తిరించేశారా?"

"ఎనిమిది మందిది ఇంకా లేదు. మూడింటికి కత్తిరిస్తారు. ఒకాయనది పోయిన ఏడాదే కత్తిరించేశారు."

ఆయనకి నా కంప్యూటర్ పనేమీ తెలియదు, కానీ ఇది మాత్రం తెలుసు.

"ఎనిమిది మందిది ఆపించు ముందు" అన్నారు.

"చెబితే నన్ను తీసేస్తారు. మామయ్య మందులు..."

"నాకూ భయమేస్తోందే" అన్నారు. "ఏం చెప్పమంటావ్? వెళ్లు. ఇంటికొచ్చాక మాట్లాడుకుందాం." మిషన్ మళ్లీ మొదలవుతుందేమోనని విన్నాను. మొదలవలేదు.

విజిటర్ల గదిలో నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, పాత పత్రికల దొంతర, బిగుసుకుపోయి తిరగని ఫ్యాను. ఆయన ఒక్కరే ఉన్నారు. యాభై దాటిన మనిషి. ఇస్త్రీ చొక్కా, కాలరు అంచు మాత్రం అరిగి దారాలొచ్చాయి. నన్ను చూడగానే లేచి నిలబడ్డారు. ఆయన లేచి నిలబడటం నాకు చెంపదెబ్బలా తగిలింది.

"సూపరింటెండెంట్‌గారు లేరాండీ?"

"సెలవులో ఉన్నారండీ. మీ అర్జీ..." అని ఆగిపోయాను.

"దాని గురించే వచ్చానమ్మా. మిమ్మల్ని ఇక విసిగించను." జేబులోంచి మడత కాగితం తీశారు. "వెనక్కి తీసుకుంటున్నానని రాసుకొచ్చాను. ఇది లోపల ఇచ్చేస్తే చాలు. మా అమ్మాయి నిన్న గట్టిగా తిట్టింది. 'నాన్నా, రెండుసార్లు లెక్కపెట్టి ఐదేనని చెప్పారు, ఇంకా ఏం మొహం పెట్టుకుని వెళ్తావ్?' అంది. నిజమే కదా. ఇప్పుడు పిల్లలకి ట్యూషన్లు చెప్పుకుంటున్నాను. బానే ఉంది." నవ్వడానికి ప్రయత్నించారు. "ఆ లెక్కపెట్టిన అమ్మాయెవరో నాకు తెలీదు. ఏడాదంతా ఆ పిల్లని లోపల్లోపల అనుమానించాను. పాపం, నా కోసం రెండోసారి కూడా కూర్చుని లెక్కపెట్టింది. కనబడితే నా తరఫున చెప్పమ్మా, నాకేం కోపం లేదని. ఇంతకీ నువ్వెవరు? కొత్తగా చేరావా?"

కాగితం నా చేతిలో ఉంది. అది తీసుకెళ్లి పైన ఇచ్చేస్తే చాలు. అర్జీ లేదు, ఫైలు లేదు, నా సంతకం ఉన్న ఆ వాక్యం ఇక ఎవరికీ కనబడదు. నేను అడగకుండానే ఆయన నన్ను వదిలేస్తున్నారు. ఇంత తేలిగ్గా ఉంటుందని అనుకోలేదు. అందుకే మరీ భయమేసింది.

"ఆ అమ్మాయిని నేనేనండీ" అన్నాను.

ఆయనకి అర్థం కాలేదు.

"లెక్కపెట్టింది నేనే. రెండోసారి లెక్కపెట్టలేదు. మళ్లీ బటన్ నొక్కానంతే. చేతులతో చూడలేదు, కళ్లతో చూడలేదు. మిషన్ తప్పుగా పేరుస్తోందని ఇవాళే తెలిసింది. పైన ఎనిమిది మందికి కూడా ఇలాగే తప్పు వచ్చింది."

ఆయన మెల్లగా కుర్చీలో కూర్చున్నారు. కొడతారేమో అనుకున్నాను. నేనైతే కొట్టేదాన్నే.

"మరి నాది ఎంతమ్మా?" అని అడిగారు.

"తెలీదండీ. మీ లెక్క నా దగ్గర లేదు. మీరెప్పుడూ లెక్కపెట్టుకోలేదా?"

"ఎలా కడతారో ఎవరు చెప్పారు? రహస్యం అన్నారు. ఐదు అని ఉత్తరం వచ్చింది, అంతే."

"మీ పేపర్ల జాబితా ఉందా?"

చేతిసంచిలో ప్లాస్టిక్ కవరు, దానిలో నాలుగు మడతల కాగితం. అదే గుండ్రటి చేతిరాత. ఏ పేపర్ని ఎందరు ప్రస్తావించారో పెద్దదానితో మొదలుపెట్టి కిందికి రాసుకున్నారు. పక్క కుర్చీలో కూర్చుని కాగితం ఆయన మోకాళ్ల మీదే పరిచాను. పద్ధతి రెండు మాటల్లో చెప్పాను. ఆయనకి చటుక్కున అందింది. పన్నెండు రావాలన్నది ఆయనకి ముందే తెలుసు.

"ఒకటి" అన్నాను. నూట ముప్ఫై ఒకటి ఉంది. రెండు, యాభై ఎనిమిది. మూడు, నలభై నాలుగు. నాలుగు, నలభై. ఆయన పెదాలు నాతో పాటు కదులుతున్నాయి. ఐదో వరసలో ఇరవై తొమ్మిది. ఐదు దాటగానే ఆయన ఊపిరి ఒక్కసారి ఆగి మళ్లీ వచ్చింది. ఆరు, ఏడు, ఎనిమిది. ఎనిమిదో వరసలో పద్దెనిమిది.

దేవుడా, పన్నెండు రాకూడదు అనుకున్నాను. నన్ను అసహ్యించుకోండి, ఫరవాలేదు. పన్నెండు రాకపోతే ఆయన ఎలాగూ పోయేవాడే. నా సంతకం అబద్ధమే అయినా దానివల్ల ఎవరి బతుకూ పోలేదన్నమాట. వస్తే మాత్రం ఈ అరిగిన కాలరు, ఆ ట్యూషన్లు, కూతురు పెట్టిన తిట్లు, అన్నీ నేను టీ తాగడానికి వెళ్లిన ఆ మధ్యాహ్నం ఖాతాలోవే.

తొమ్మిది, పదహారు. పది, పదిహేను. పదకొండో వరసలో పద్నాలుగు.

పన్నెండో వరస మీద ఆయన బొటనవేలు ఉంది. కాగితం కదలకుండా నొక్కిపెట్టి పట్టుకున్నారు, అందుకని కనబడలేదు. వేలికి దిగువన పదమూడో వరసలో తొమ్మిది కనిపిస్తోంది. అంటే ఆ వేలి కింద ఉన్నది తొమ్మిదైనా కావచ్చు, పద్నాలుగైనా కావచ్చు, మధ్యలో ఏదైనా కావచ్చు. మొత్తం అక్కడే ఉంది.

బయట పోర్టికోలో కార్లు వచ్చి ఆగాయి. తలుపులు వరసగా మూసుకున్నాయి. మెట్ల పైనుంచి డైరెక్టర్‌గారి గొంతు, "రండి, రండి" అంటూ కిందికి దిగుతోంది.

"వేలు తియ్యండి సార్" అన్నాను.

ఆయన తియ్యలేదు. ఆయనకి కూడా నా అంత భయంగానే ఉందని అప్పుడు చూశాను. పన్నెండు రాకపోతే ఏడాదిగా తను పడ్డదంతా నిజమే అయిపోతుంది. వస్తే ఏడాది అంతా ఉత్తినే పడ్డట్టు. ఏది కావాలో ఆయనకి కూడా తెలియడం లేదు.

"నువ్వే చూడమ్మా. నేను చూడలేను" అని గట్టిగా కళ్లు మూసుకుని, వేలు తీశారు.